బ్రష్ రహిత రాష్ట్రం

ఆరోగ్య మంత్రిగారి భార్యకు మొగుడి మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఆయనకు పళ్ళు తోముకోవడమంటే బద్ధకం. ఇన్నేళ్ళూ ఆ సంగతి ఆవిడ కడుపులో దాచుకుంది. ఆయనేమో దాన్ని ప్రభుత్వ విధానంగా ప్రకటించేశారు.

ఇదంతా ఆవిడ చెల్లెలి పుణ్యం. పళ్ళ ఆస్పత్రి ల్యాబ్‌లో పరిశోధన చేసే ఆ పిల్ల, పుచ్చుపళ్ళు నింపే రెజిన్‌లో ఏదో మందు కలిపి, దాని మీద క్రిములు పాచి పొర కట్టకుండా చేసింది. ఇంకా పరీక్షలు మిగిలే ఉన్నాయి. వాటికి కావలసిన నిధుల ఫైలు బావగారి బల్ల మీద గుర్రుపెట్టి నిద్రపోతోంది. అది లేవకపోతే ల్యాబ్‌కి తాళమే.

ఈలోగా మంత్రిగారి ముందుపన్ను పుచ్చింది. ప్రజాసేవకు ఆ పంటిని అంకితం చేసి, మరదలి చేత రెజిన్‌తో తాపడం చేయించుకుని, కుర్చీ దిగుతూనే విలేకరులకు చెప్పారు.

"ఇక ఎవరూ పళ్ళు తోమక్కర్లేదు. బ్రష్ రహిత రాష్ట్రమే మా ధ్యేయం."

"బావగారూ, అది వేసిన చోటే పనిచేస్తుంది. మిగతావి తోముకోవాల్సిందే" అంది మరదలు.

"నీకు సైన్సు తెలుసు గానీ పాలన తెలీదమ్మా. ముందుపన్ను నాయకుడు. మిగతావి దాన్ని చూసి నేర్చుకుంటాయి."

ఆ పూట నుంచి ఆయన బ్రష్ ముట్టలేదు. విధేయత కొద్దీ పీఏ కూడా మానేశాడు. డ్రైవరు మాత్రం ఏసీ కట్టేసి, కారు అద్దాలన్నీ దించి నడపడం మొదలుపెట్టాడు.

వారం తిరక్కుండానే చెల్లెలు పరుగెత్తుకొచ్చింది.

"అక్కా, బావగారు ప్రెస్ ముందు తన పళ్ళకి పాచిని పట్టిచ్చే రంగు పూసి చూపించమంటున్నారు. పాచి ఉన్నచోటల్లా గులాబీ రంగు పట్టేస్తుందే. పరువు పోయిందని ఫైలు చింపేస్తారు."

ఆవిడ ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తూ తల కూడా ఎత్తలేదు.

"సంతకం ముందు. రంగు తర్వాత."

ఆ ప్రెస్ సభలో పెన్ను మూత తీసి భర్త చేతికి ఆవిడే స్వయంగా అందించింది. కెమెరాల వెలుగులో సంతకం అయింది. ఫైలు చెల్లెలి సంచిలోకి వెళ్ళింది. అప్పుడు మంత్రిగారు రంగు పూయించుకుని, పుక్కిలించి, జాతికి నిండుగా నవ్వు చూపించారు.

నోరంతా గులాబీ తోట. నడుమ తాపడం చేసిన పన్ను ఒక్కటే తెల్లగా మెరుస్తోంది.

భార్య అద్దం పట్టింది. ఆయన చాలాసేపు చూసుకున్నారు.

"తప్పు నాదే" అన్నారు.

కాపురానికొచ్చాక ఆ మాట వినడం ఆవిడకు అదే మొదలు.

"ఏమన్నారండీ?"

"తప్పు నాదేనే. ఆ ఒక్క పన్నూ బాగుచేయించుకోకుండా ఉండాల్సింది. మిగతావన్నీ ఎంత ఏకాభిప్రాయంతో ఉన్నాయో చూడు."