కంప్యూటరుకు తడి గోనెలు

వెంకటరత్నమ్మ ఉదయం ఆరింటికి తమ్ముడి సంచి సర్దడం మొదలుపెట్టింది. ఎనిమిదైనా సంచి నిండలేదు. ఒక చొక్కా లోపల పెట్టి, మడత బాగాలేదని రెండు బయటికి తీస్తోంది.

"అక్కయ్యా, సర్దుతున్నావా, విప్పుతున్నావా?" అన్నాడు పాండురంగారావు.

"గెలిచేవాడికి సంచెందుకురా?"

ఆ రోజు మామిడి వర్తకుల సంఘం ఎన్నికల లెక్కింపు. అధ్యక్షుడైతే నూజివీడులోనే ఉంటానని, ఓడితే ఆ సాయంత్రమే నాగపూర్ వెళ్ళి అక్కడ కొట్టు పెట్టుకుంటానని అతను తేల్చి చెప్పేశాడు. నెలనెలా వస్తానంటాడు. ఆ మాట ఆమెకు కొత్త కాదు. పెనిమిటీ అన్నాడు, పెద్దన్నయ్యా అన్నాడు. వీధి చివర బస్సు హారను వినిపిస్తే ఆమె ఇప్పటికీ గుమ్మం దాకా వెళ్ళి వస్తుంది.

ఈసారి ఓట్లు కంప్యూటరు లెక్కపెడుతుందన్నారు. లేయా అనే ఆపరేటరు దాన్ని బెజవాడ నుంచి కారు వెనక సీట్లో పరుపు మీద పడుకోబెట్టి తెచ్చింది. వెంకటరత్నమ్మ గుండెల్లో రాయి పడింది. పొట్లం కాగితాలు కూడబలుక్కుంటూ చదువు నేర్చుకున్న మనిషికి అచ్చులో ఉన్నదేదీ అబద్ధం కాదు. మొన్న శనగపప్పు కట్టిచ్చిన కాగితంలో ఎవరో ఇంజనీరు, తీగ తగలకుండానే గాలిలోంచి రేడియో తరంగాలతో కంప్యూటరులోని ఓట్లు మార్చేయవచ్చని హెచ్చరించాడు. ఎలా ఆపాలో రాసినచోట కాగితం చిరిగిపోయింది.

సంఘం హాలు వరండాలో ఆమె బిక్కుబిక్కుమంటూ కూర్చుంది. పదకొండింటికి, తమ్ముడి మీద పోటీ చేసిన జగన్మోహనరావు గుమస్తా బుచ్చయ్య లోపలినుంచి వచ్చి, యజమాని చెవిలో అన్నాడు: "గాలి మారిందండీ."

వెంకటరత్నమ్మ దిగ్గున లేచింది. "విన్నారా! గాలిలోంచి మార్చేశారట!"

హాలంతా గగ్గోలైంది. టీకొట్టువాడి ట్రాన్సిస్టరు నోరు నొక్కారు. ఎన్నికల అధికారి భానుమూర్తి మాస్టారి చెవి మిషను కూడా వైర్‌లెస్సేనేమోనని ఊడబీకారు. ఆపైన ఎవరేమడిగినా ఆయన "సరే, సరే" అనసాగాడు.

"గాలి తగలకుండా చూడండర్రా!" అని ఎవరో అరిచారు.

మామిడి వర్తకులకు గాలికి తెలిసిన మందు ఒక్కటే. వడగాడ్పులో పళ్ళ రాశి మీద తడి గోనెలు కప్పుతారు.

"కప్పమంటారా మాస్టారూ?"

"సరే, సరే."

"అయ్యో, వద్దండీ! నీళ్ళండీ!" అని లేయా అరుస్తుండగానే నాలుగు గోనెలు పడ్డాయి. కంప్యూటరు టప్పుమని, కాస్త పొగ వదిలి, కళ్ళు మూసింది. కారిన నీళ్ళలో పక్కనున్న ఓటు చీటీల సిరా అంతా కలిసిపోయి, అందరి పేర్లూ ఒకే నీలం మరకయ్యాయి.

లేయా ముఖం తుడుచుకుంటూ వచ్చింది. "మామ్మగారూ, అది ఆగిపోయేసరికి మీ తమ్ముడుగారు ముప్పై ఒక్క ఓట్లు ముందున్నారండి. ఇంక పన్నెండు చీటీలే మిగిలాయి."

"మరి గాలి మారిందన్నాడే వీడు!"

"మీవైపు మారిందనే నా ఏడుపండీ," అన్నాడు బుచ్చయ్య. ఇప్పుడతను ఏడవడం లేదు.

చేతులెత్తి మళ్ళీ ఎన్నుకోవాలన్నారు. ఊళ్ళో పళ్ళన్నీ జగన్మోహనరావు లారీల్లోనే ఎగుమతవుతాయి. ఆయన ఎదురుగా నిలబడి, చేతులు జోడించి, ఒక్కొక్కరి ముఖంలోకీ ఆప్యాయంగా చూశాడు. చాటుగా పాండురంగారావు పేరు రాసిన చేతులు ఒళ్ళోంచి లేవలేదు. లేచినవి తొమ్మిది. అందులో ఒకటి వెంకటరత్నమ్మది. సభ్యురాలు కాదని దాన్నీ తీసేశారు.

"ఓడింది నీవల్ల కాదులే అక్కయ్యా," అన్నాడతను బస్టాండులో.

"నావల్లేరా. పోనీ, కోప్పడరాదూ? కాసేపు ఆగుతావు."

అతను నవ్వాడే గాని కోప్పడలేదు. పాండురంగారావు 1988 మే పద్దెనిమిదిన, సాయంత్రం అయిదున్నర బస్సుకు వెళ్ళాడు. మళ్ళీ రాలేదు.