తలుపు మీద కూడికలు

భావనపాడు వెళ్లి నీలం రంగు కొనుక్కొచ్చి, మధ్యాహ్నంలోగా పడవకు ఒక పూత వేసేయాలని ఆ ఆదివారం కూర్మారావు అనుకున్నాడు. అతను అటు వెళ్లగానే భార్య వరహాలమ్మ చేపలు ఎండబెట్టడానికి ఒడ్డుకు పోయింది. ఇంట్లో మిగిలింది పక్కగదిలో అద్దెకుంటున్న నర్సు ఉషారాణి.

ఆమె క్రైస్తవురాలు. ముగ్గురు రాజుల పండుగ కదా అని టెక్కలి నుంచి ఫాదర్‌గారిని పిలిపించుకుంది. ఆయన ప్రార్థన చేసి, గదిలో దీవించిన నీళ్లు చిలకరించి, ఆచారం ప్రకారం వీధితలుపు మీద సుద్దముక్కతో 20+C+M+B+07 అని రాసి వెళ్లారు. ఇంటివాళ్లకు సాయంత్రం చెప్పొచ్చులే అనుకుంది ఉషారాణి. ఈలోగా డ్యూటీకి రమ్మని ఆసుపత్రి నుంచి కబురొస్తే బస్సెక్కేసింది.

కూర్మారావు రంగుడబ్బాతో తిరిగొచ్చి తలుపు చూశాడు. ఇంగ్లీషు రాకపోయినా అది సర్కారువారి రాత అని పోల్చుకున్నాడు. అడగకుండా ఒకరి తలుపు మీద రాసే ధైర్యం ఇంకెవరికుంటుంది? వెంటనే రామూర్తిని పిలుచుకొచ్చాడు. రామూర్తి రెవెన్యూ ఆఫీసులో అటెండరుగా చేసి రిటైరైనవాడు. ఊరి లెక్కలో సగం ఎమ్మార్వో.

"ఒరే కూర్మీ, సీ అంటే ఇంగిలీసులో సముద్రం. ఎమ్మంటే మూలపేట. బీ అంటే భావనపాడు. మద్దిన కూడికలు ఎట్టినారంటే ఏటర్థం? మూడూ కలిపీసి పోర్టు కట్టెత్తారు!"

"ఆకరిని ఆ ఏడేటి బావా?"

"ఏడోనెల్లోగా ఇల్లు కాళీ సెయ్యాల."

కూర్మారావు అరుగు మీద కూలబడ్డాడు. పాత ఇల్లు సముద్రం కోతకు పోయాక, ఇటుక ఇటుకా మోసి కట్టుకున్న ఇల్లది. అప్పుడే వచ్చిన వరహాలమ్మ సంగతి విని గడప మీదే శోకాలు మొదలెట్టింది. "ఓపాలి సముద్దరం మింగీసింది, ఇప్పుడు గవుర్మెంటు మింగెత్తాదేటయ్యా?"

రామూర్తి ఆమెను కాసేపు ఏడవనిచ్చి, "ముందరున్న ఇరవై సూసినావా సెల్లీ? ఇరవై సెంట్ల జాగా ఇత్తారు," అన్నాడు.

వాళ్ల ఇల్లున్నది మూడు సెంట్లలో. వరహాలమ్మ ఏడుపు మధ్యలోనే ఆగింది. "రోడ్డు పక్కనేనా అన్నయ్యా?"

ఈ మాట పక్కింటి సన్యాసి చెవిన పడింది. "నీ తలుపు మీదే ఎందుకు రాసినారు మావా? మేం మడుసులం కామేటి?" అని తగువుకొచ్చాడు. రామూర్తి వాణ్ణి కూడా ఓదార్చాడు. "నువ్వు ఇంటికాడ లేనప్పుడు వొచ్చుంటారు. నువ్వే రాసీసుకో. సర్వేలో అన్నీ ఒక్కనాగే ఉంటాయి."

సాయంత్రానికి వీధిలో రాత లేని తలుపు లేదు. అక్షరాలు రానివాళ్లు కూర్మారావు గుమ్మం ముందు నిలబడి, వంకర కూడా పోకుండా ఎక్కించుకున్నారు. ఆడవాళ్లు ముగ్గుపిండితో దిద్ది, చుట్టూ పద్మాలు కూడా వేశారు.

కూర్మారావు ఒక్కో తలుపూ చూసుకుంటూ వీధి చివరిదాకా వెళ్లొచ్చాడు. "అందరికీ ఇరవయ్యే అయితే అసలోణ్ణి, నాకేటి ఎక్కువ?" అంటూ పడవ రంగు మూత తీశాడు. సుద్ద చెరిగిపోకుండా ప్రతి అక్షరం మీదా నీలం రంగు దిట్టంగా పూశాడు. పూస్తూ పూస్తూ రెండును అయిదు చేశాడు. వరహాలమ్మ చూసి, "యాబైయా!" అని కళ్లు పెద్దవి చేసింది. చెరిపెయ్యమని మాత్రం అనలేదు.

మర్నాడు ఉషారాణి బస్సు దిగి వచ్చేసరికి ఆమె ట్రంకుపెట్టె అరుగు మీదుంది. అద్దెకున్నవాళ్లు కూడా వాటా అడుగుతారని రామూర్తి చెప్పాడు మరి.

"ఏమనుకోకమ్మా, ఇల్లు పోర్టుకి ఎల్లిపోతంది," అన్నాడు కూర్మారావు నేల చూపులు చూస్తూ.

ఆమె ఏమిటో అడగబోయేంతలో, నిన్న మరిచిపోయిన కళ్లజోడు కోసం ఫాదర్‌గారు స్కూటరు మీద వచ్చారు. వీధి మొదట్లోనే ఆయన బండి ఆపేశారు. ప్రతి తలుపునూ చూస్తూ నడిచొచ్చారు. "ఉషారాణీ, ఒక్క రోజులో ఇంత విశ్వాసమా!" ఆయన కళ్లు చెమర్చాయి. కూర్మారావు గుమ్మం దగ్గర మాత్రం కాళ్లు నిలిచిపోయాయి. "ఇక్కడ యాభై ఎవరు వేశారు?"

"సెంట్లండి," అన్నాడు కూర్మారావు.

సంగతంతా తెలిశాక ఫాదర్‌గారు నవ్వు ఆపుకుని నిదానంగా చెప్పారు. "మొదటి ఇరవై, చివరి ఏడు కలిపితే రెండువేల ఏడు. ఈ సంవత్సరం. మధ్యవి, క్రీస్తు ఈ ఇంటిని దీవించుగాక అనే లాటిన్ మాటకు మొదటి అక్షరాలు."

"మరి యాబై ఎడితే?"

"అయిదువేల ఏడో సంవత్సరంలో దీవిస్తాడు."

చుట్టూ చేరిన జనం రామూర్తి కోసం చూశారు. అతనికి సంతబొమ్మాళిలో అర్జెంటు పనిబడింది. సన్యాసి తడిగుడ్డ పట్టుకుని తన తలుపు దగ్గరికి నడిచాడు గానీ అతని తల్లి దాలమ్మ చెయ్యి పట్టుకుంది. "దేవుడి మాటంట కదరా. ఎవులి దేవుడైతేనేటి, మంచే కోరినాడు. ఉండనీ." వీధంతా ఆమె మాటే విన్నది.

వరహాలమ్మ ట్రంకుపెట్టెను తానే గదిలో పెట్టొచ్చి, మొగుడి చేతికి కిరసనాయిలు గుడ్డ ఇచ్చింది. ఉప్పునీటికే లొంగని రంగు అది. ఎంత రుద్దినా యాభై మరింత మెరిసింది. "మల్లీ రాసీండి బాబూ," అని కూర్మారావు చేతులు జోడించాడు. ఫాదర్‌గారు జేబులు తడుముకున్నారు. పండుగకు దీవించిన సుద్ద అయిపోయిందట, వచ్చే ఏడు తప్పకుండా రాస్తానన్నారు.

ఆ విధంగా ఆ ఏడాది ఊరి వీధిలో దీవెన లేకుండా మిగిలిన ఇల్లు ఒక్కటే: ఫాదర్‌గారు స్వయంగా వచ్చి దీవించినది.