కారు కంటే ముందు కారణం

ముందు కావలసింది కొనేసుకుని, ఆ తర్వాత తీరిగ్గా కారణం వెతుక్కునే దుర్వ్యసనం మానవజాతిని తరతరాలుగా పట్టి పీడిస్తోంది. ఈ వరుసను సరిదిద్దిన ఘనత మా ఊరి విలాస వాహన కారణ నిర్ధారణ శాఖకే దక్కుతుంది. (ఇంత పేరుకు నోరు తిరగనివాళ్ళు కారణ శాఖ అంటారు. శాఖ సిబ్బంది అందరూ అలాగే అంటారు.) నిబంధన చాలా సులువు. ఒక హద్దు దాటిన ఖరీదున్న కారును ఎవరైనా కొనాలంటే, అది లేకపోతే తమకెందుకు గడవదో ముందుగా రుజువు చేసి, కారణ ధ్రువపత్రం పుచ్చుకోవాలి. పత్రం లేనిదే షోరూంవాళ్ళు తాళం చెయ్యి ఇవ్వరు. కూర్చోనిస్తారు. హారన్ కూడా ఒకసారి కొట్టనిస్తారు.

ఆ ఒక్క హారనే మా బావ కొంప ముంచింది.

బావ పళ్ళ డాక్టరు. వయసు యాభై రెండు. ఇరవై ఆరేళ్ళుగా పొద్దున తొమ్మిదింటికల్లా క్లినిక్ తెరిచి, ఊళ్ళోవాళ్ళ నోళ్ళలోకి తొంగిచూస్తూ బతుకుతున్నాడు. "నోరు పెద్దగా తెరవండి" అని రోజుకు ముప్పైసార్లు ఇతరులకు చెప్పే ఈ మనిషి, తన నోటిని మాత్రం అన్నానికీ ఆవలింతకూ తప్ప తెరిచిన దాఖలా లేదు. ఇంట్లో ఏం వండితే అది తింటాడు. అక్క ఏ చొక్కా తెస్తే అది తొడుక్కుంటాడు. బూడిదరంగు కారొకటి ఉంది. ఆ రంగే ఎందుకంటే, కొన్నరోజున షోరూంలో అదొక్కటే ఉంది కాబట్టి.

అలాంటి మనిషి ఒక సాయంత్రం క్లినిక్ మూసి వస్తూ, అద్దాల గోడ అవతల నిమ్మపండు రంగు స్పోర్ట్స్ కారును చూశాడు. బండి ఆపాడు. లోపలికి వెళ్ళి అందులో కూర్చున్నాడు. హారన్ కొట్టాడు. (దాని ధర ఇక్కడ రాయను. రాస్తే మా సంపాదకుడు అచ్చుతప్పనుకుని రెండు సున్నాలు కొట్టేస్తాడు.)

ఆ రాత్రి నేనూ అక్కావాళ్ళింట్లోనే భోజనం చేస్తున్నాను. బావ కాసేపు కంచంలో గీతలు గీసి, "మన కారు ఈ మధ్య కొంచెం నెమ్మదించినట్టు లేదూ?" అన్నాడు.

అక్క హైస్కూల్లో లెక్కల టీచరు. దాచిన విలువ ఎక్కడున్నా ఇట్టే పట్టేస్తుంది. "ఏ కారు చూసొచ్చారు?" అంది.

బావ నీళ్ళు నమిలాడు. (నమలడం పళ్ళకు మంచిదే.) "చూడటమేముంది, దార్లో కనబడింది. ఇష్టమని కాదు. టైం కలిసొస్తుందని."

"క్లినిక్ రెండున్నర కిలోమీటర్లు. తొమ్మిది స్పీడ్ బ్రేకర్లు, రెండు సిగ్నళ్ళు." అక్క బల్ల మీద వేలితోనే లెక్క కట్టేసింది. "రోజుకి నలభై సెకన్లు కలిసొస్తాయి. వాటితో ఏం చేస్తారు?"

బావ మజ్జిగ గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.

మా అమ్మ ముప్పై ఒక్క ఏళ్ళు సిటీ బస్సులో కండక్టరుగా పనిచేసి రిటైరై, అక్క దగ్గరే ఉంటోంది. ఆవిడకు ఏ వాహనం గురించైనా మొదట వచ్చే అనుమానం ఒక్కటే. "ఎంతమంది పడతారు అల్లుడుగారూ?"

"ఇద్దరండీ, అత్తయ్యగారూ."

"కూర్చునేవాళ్ళు సరే. నిలబడేవాళ్ళు?"

బావ తలొంచుకుని తిన్నాడు. అక్క గొంతు తగ్గించి అంది: "పెళ్ళయి ఇరవై ఆరేళ్ళయింది. నాకిది కావాలి అని ఒక్కసారి నోరు తెరిచి అడగండి. అప్పు కాగితాల మీద ఇప్పుడే సంతకం పెట్టేస్తాను."

"కావాలని కాదే. అవసరం," అన్నాడు బావ.

"అవసరమైతే ఆఫీసుకెళ్ళి రుజువు చేసుకోండి."

అలా నేను సాక్షినయ్యాను. దరఖాస్తుదారుడి బంధువై ఉండి, ఆ కారు వల్ల ఏ లాభమూ పొందని వ్యక్తి సాక్షిగా రావాలని నిబంధన. రెండు సీట్ల కార్ల విషయంలో దాదాపు బంధువర్గమంతా అర్హులే.

కారణ శాఖ మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు ఉంది గానీ, దాన్ని నడపడానికి సరైన కారణం ఇంకా మంజూరు కాలేదు. మెట్ల కింద దరఖాస్తులు రాసిపెట్టే రైటరు ఒకాయన బల్ల వేసుకుని కూర్చుంటాడు. ఆయన వెనక అట్టముక్క మీద ఇలా రాసి ఉంది: ఆరోగ్య కారణములు, భద్రతా కారణములు, పెట్టుబడి కారణములు సిద్ధంగా ఉన్నవి. పర్యావరణ కారణములు ఆర్డరుపై చేయబడును.

"నిజమైన కారణం రాయాలంటే ఏం చెయ్యాలి?" అని అడిగాడు బావ, మొహమాటంగా.

రైటరు కళ్ళద్దాలు నుదుటి మీదికి ఎత్తుకుని బావను జాలిగా చూశాడు. "అవి మా దగ్గర ఉండవు సార్. అడిగేవాళ్ళు లేక తేవడం మానేశా."

పైన క్యూలో మా ముందు ఇద్దరున్నారు. ఒకాయన రోడ్ల కాంట్రాక్టరు. ఆయనది పర్యావరణ కారణం. "ఎంత తొందరగా వెళ్తే అంత తొందరగా ఇంజిన్ ఆపేస్తాం కదండీ. పొగ తక్కువ," అని మాకు వివరించాడు. ఇది ఆయన మూడో కారు. పొగను ఆ మేరకు మూడు రెట్లు తగ్గిస్తున్నాడు. రెండో ఆయన బట్టల మిల్లు యజమాని. స్పోర్ట్స్ కారు సీటు నేలకు బాగా దగ్గరగా ఉంటుంది కాబట్టి, అందులో తిరిగితే తనకు వినయం అలవడుతుందని దరఖాస్తు పెట్టుకున్నాడు. ఆయన పని పది నిమిషాల్లో అయిపోయింది.

మా వంతు వచ్చింది. కారణ పరిశీలకురాలు సన్నగా, పొడుగ్గా, నలగని చీరలో ఉంది. బావ దరఖాస్తును రెండుసార్లు చదివి, ఒక మ్యాపు పరిచింది.

"సమయం ఆదా అని రాశారు. ఈ కారు మూడు సెకన్లలో వంద కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. మీ గేటు నుంచి మొదటి స్పీడ్ బ్రేకరు పదకొండు మీటర్లు. రెండో సెకన్లో మీరెక్కడ ఉంటారు?"

బావ నిజాయితీగా ఆలోచించాడు. "ఎదురింటివాళ్ళ వరండాలో."

ముద్ర పడింది.

ఆ తిరస్కరణ ముద్ర పడ్డ పది రోజులకు ఆరోగ్య కారణంతో మళ్ళీ వెళ్ళాం. రోజంతా వంగి పనిచేసి నడుం పట్టేస్తోందని రాద్దామంటే, దానికి ఎముకల డాక్టరు సంతకం కావాలి. ఆ డాక్టరు బావకు క్లాసుమేటు, మొహం మీదే నవ్వేస్తాడు. బావకు పళ్ళ గురించి రాసే అధికారం మాత్రమే ఉంది. అందుకని పాత కారు కుదుపులకు పైవరుస పళ్ళు కదులుతున్నాయని తన గురించి తానే రాసుకుని, తానే సంతకం చేసుకుని, డాక్టరు హోదాలో రోగి హోదాకు అందజేశాడు.

పరిశీలకురాలు టార్చిలైటు తీసింది. "నోరు పెద్దగా తెరవండి."

బావ అలవాటుకొద్దీ ఆవిడ నోటివైపు చూశాడు. తర్వాత తెరిచాడు. ఇరవై ఆరేళ్ళలో ఆయన నోట్లోకి ఇంకో మనిషి తొంగిచూడటం అదే మొదటిసారి. ముప్పై రెండు పళ్ళూ రాతి గోడలా ఉన్నాయి.

"ఇంత బాగా చూసుకుంటున్నారే!" అందావిడ మెచ్చుకోలుగా. ముద్ర పడింది.

మూడోసారి రైటరునే ఆశ్రయించాం. ఆయన ప్రజాభద్రత అనే సరుకు ఇచ్చాడు. నిమ్మపండు రంగు ఆమడ దూరం నుంచే కనబడుతుంది, జనం ముందే పక్కకు తప్పుకుంటారు, కాబట్టి ఈ కారు దరఖాస్తుదారుడి కోసం కాదు, పాదచారుల కోసం. ఇది పరిశీలకురాలికి నచ్చింది. ఫైలు మీద ఆకుపచ్చ దారం కట్టింది.

"ఇక ఇష్టరాహిత్య విచారణ ఒక్కటే మిగిలింది," అంది.

అదేమిటని అడిగాం. పదిహేడో నిబంధనట. కారును ఇష్టపడేవాడు తన ఇష్టానికి అనుకూలంగా కారణాలు చూపే ప్రమాదముంది. అందువల్ల దరఖాస్తుదారుడికి సదరు కారు మీద ఎలాంటి ఇష్టమూ లేదని కుటుంబసభ్యులు ప్రమాణం చేసి చెప్పాలి. ఉందని తేలితే దరఖాస్తు అక్కడితో సరి.

దిగేటప్పుడు బావ మెట్టుకొకసారి ఆగాడు. "నాకేం ఇష్టం లేదు కదోయ్?" అని అడిగాడు నన్ను.

నేను చకచకా కిందికి దిగిపోయాను. ఎందుకంటే అంతకు ముందు వారమే అక్క నాతో ఒక మాట అంది. స్కూలు నుంచి తను వచ్చే బస్సు ఆ షోరూం ముందునుంచే వెళ్తుంది. "రోజూ ఆరింటికి అద్దం బయట నిలబడి ఉంటార్రా," అంది. "చేతులు వెనక్కి కట్టుకుని. లోపలికి కూడా వెళ్ళరు. బస్సులోంచి పిలుద్దామనుకుంటా. పిలిస్తే సిగ్గుపడతారని ఊరుకుంటా."

ఆదివారం పొద్దున పరిశీలకురాలు ఫైలూ కలమూ పట్టుకుని ఇంటికొచ్చింది. హాలు మధ్యలో కుర్చీ వేయించుకుని మొదట అమ్మను పిలిచింది.

"మీ అల్లుడు ఈ కారును ఇష్టపడుతున్నట్టు మీరెప్పుడైనా గమనించారా?"

"ఆయన దేన్నీ ఇష్టపడగా నేను చూడలేదమ్మా," అంది అమ్మ. "మా అమ్మాయిని కూడా పద్ధతిగానే చూసుకుంటాడు."

రాసుకుంది. తర్వాత అక్క వంతు. అక్క పరీక్ష పేపర్లలో అరమార్కు కూడా ఊరికే వెయ్యదు. సొంత మేనకోడలిని ఒక్క మార్కుతో తప్పించిన చరిత్ర ఉంది. అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి. ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు.

"ప్రమాణపూర్వకంగా చెప్పండి. మీ భర్తకు ఈ కారంటే ఇష్టమా?"

అక్క బావవైపు చూసింది. బావ కిటికీవైపు చూస్తున్నాడు.

"ఒళ్ళుమంట మేడమ్," అంది అక్క. "ఆ కారు పేరెత్తితేనే ఆయనకి గిట్టదు. ఏదో, ఊరిజనం క్షేమం కోసం పంటి బిగువున భరిద్దామనుకుంటున్నారు."

రెండు చెవులూ నిప్పుల్లా ఉన్నాయి. పరిశీలకురాలు చెవులు చూడలేదు. ఆ ఫారంలో చెవులకు గడి లేదు. చివరి పేజీ తిప్పి, కలం మూత తీసింది.

"రాయకండి మేడమ్," అన్నాడు బావ.

అందరం తిరిగి చూశాం. బావ లేచి నిలబడ్డాడు. ఆయన చూస్తున్నది పరిశీలకురాలిని కాదు, అక్క చెవుల్ని.

"ఆవిడ నాకోసం అబద్ధమాడింది. నాకు ఆ కారంటే ఇష్టం. చాలా ఇష్టం. ఏ ఉపయోగమూ లేదు. టైం కలిసిరాదు, నా పళ్ళు రాళ్ళలా ఉన్నాయి, జనం గురించి నేనసలు ఆలోచించనే లేదు. రోజూ సాయంత్రం వెళ్ళి ఊరికే చూసొస్తున్నా. ఆ రంగు చూస్తే... ఏమో, బాగుంటుంది. అంతే."

అమ్మ అల్లుణ్ణి ఎగాదిగా చూసింది, టికెట్ తీసుకోకుండా ఇంతకాలం ప్రయాణించినవాణ్ణి చూసినట్టు.

పరిశీలకురాలు ఫారం ముందుకీ వెనక్కీ తిప్పింది. "దీన్ని ఎక్కడ రాయాలి?" అంది తనలో తాను. "ఇదివరకు ఇష్టం అని ఒక గడి ఉండేది. పదకొండేళ్ళలో ఒక్కరూ నింపలేదు. కాగితం దండగని తీసేశారు." చివరికి పక్కన మార్జిన్‌లో, చెరపడానికి వీలుగా పెన్సిలుతో రాసుకుంది. గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూ ఒక్క క్షణం ఆగి, "ఏ రంగన్నారు?" అని అడిగింది. బావ చెప్పాడు. తలూపి వెళ్ళిపోయింది.

ఏడు వారాలకు ఉత్తరం వచ్చింది. దరఖాస్తుదారుడికి సదరు వాహనంపై తీవ్రమైన ఇష్టమున్నట్టు అతడి సొంత మాటల వల్లే రుజువైనందున దరఖాస్తు తిరస్కరించడమైనది. ఇష్టం పూర్తిగా పోయినట్టు ధ్రువీకరణ సమర్పిస్తే మూడేళ్ళ తర్వాత మళ్ళీ పరిశీలించబడును. భార్య ఇచ్చిన వాంగ్మూలం నియమానుసారంగానే ఉన్నందున దానిపై శాఖకు ఎలాంటి అభ్యంతరమూ లేదు.

బావ దాన్ని అక్కకు చదివి వినిపించాడు. అక్క నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్ళి, కాసేపటికి కాఫీ తెచ్చింది. బావ కప్పు అందుకుని, తాగబోయి ఆగాడు.

"నాకు టీ ఇష్టం," అన్నాడు.

"ఎప్పట్నుంచీ?"

"చిన్నప్పట్నుంచీ."

అక్క ఆ కాఫీ తను తాగేసి, టీకి నీళ్ళు పెట్టింది. ఆ నెలలో బావకు వంకాయ పడదనీ, గళ్ళచొక్కాలంటే చిరాకనీ, అక్క పాట పాడితే వినడానికే ఆయన స్నానాల గది పక్కన పేపరు చదువుతాడనీ ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. పాట సంగతి విన్నరోజు అక్క స్కూలుకు పావుగంట ఆలస్యంగా వెళ్ళింది. ఎందుకని హెడ్మాస్టరు అడిగితే, కారణం లేదని చెప్పిందట.

నిమ్మపండు రంగు కారును మిల్లు యజమాని కొనుక్కున్నాడు. మొదటి కారుతో వచ్చిన వినయం చాలడం లేదట.

మొన్న కారణ శాఖ వార్షిక నివేదిక వెలువడింది. చక్కటి అట్ట, మంచి కాగితం. దాని ప్రకారం మా ఊళ్ళో ప్రస్తుతం మూడు వందల పన్నెండు స్పోర్ట్స్ కార్లు తిరుగుతున్నాయి. వాటిని ఇష్టపడే వ్యక్తి ఒకే ఒక్కడు ఉన్నట్టు గుర్తించామనీ, అతడికి కారు అందకుండా అన్ని జాగ్రత్తలూ తీసుకున్నామనీ శాఖ సంతోషంగా ప్రకటించింది.