కౌన్సిలరుగారి చామాకు బుట్ట

"ఆరోగ్యకరమైన ఆహారం ఈ పేట ప్రజల జన్మహక్కు!" అని మైకులో గర్జించారు కౌన్సిలరు పెంబర్టన్ గారు. చప్పట్లు మోగిపోయాయి. న్యూజిలాండులో ఆక్లండ్ నగరానికి దక్షిణాన ఉన్న ఆ పేటలో వేయించిన కోడి దొరకని సందు లేదు, ఆకుకూర దొరికే సందూ లేదు! అందుకే ఖాళీ స్థలంలో, ఇంటికో మడి చొప్పున అందరి తోట వెలిసింది. తవ్వి నీళ్లు పోసింది టోంగా దీవుల నుంచి వచ్చి ఆ పేటలో స్థిరపడ్డ టోంగావాళ్లు. రిబ్బను కత్తిరించే కష్టం మాత్రం కౌన్సిలరుగారు పడ్డారు.

వాళ్లలో లోసలీని అనే ఇల్లాలి చూపంతా తన చామ మడి మీదే ఉంది. చక్కెర జబ్బుతో ఆమె మొగుడు పెనిసోనికి అప్పటికే ఓ కాలివేలు పోయింది. ఈ కోడి వేపుళ్లు మాని ఆకుకూరలు తినకపోతే పాదమే తీసెయ్యాలన్నాడు డాక్టరు. ఆ సాయంత్రమే తొలి కోత.

వాళ్ల చర్చి పాస్టరు ఆమె పక్కకొచ్చి గొంతు తగ్గించాడు. "అతిథిని వట్టి చేతులతో పంపితే మన టోంగావాళ్ల పరువేం కావాలమ్మా?"

"ఆయనకేం తక్కువ పాస్టరుగారూ? మా ఆయన పాదం..."

"పక్క మడివాళ్లు గుమ్మడికాయలన్నీ ఇచ్చేశారు మరి!"

అంతే! లోసలీనికి పౌరుషం పొడుచుకొచ్చింది. ఆకంతా కోసి, తానే అల్లిన బుట్టలో కుక్కి, పిడికి ఎర్ర ఊలు కట్టి మరీ సమర్పించింది. పేటవాళ్లకు కౌన్సిలువారు తెల్ల రొట్టెలో సాసేజీలు పెట్టారు. పెనిసోని రెండు తిన్నాడు.

కౌన్సిలరుగారు ఇంటికెళ్లి ఓ ఆకు పచ్చిదే నమిలారు. గొంతు ఒకటే దురద! వెంటనే ఆయనలో దానగుణం మేలుకొంది. వారం తిరక్కుండానే పేటలో నిరుపేదలకు పోషకాహార పంపిణీ జరిగింది. ఫొటోగ్రాఫరు సాక్షిగా లోసలీని చేతుల్లో ఎర్ర ఊలు కట్టిన బుట్ట పడింది.

"బాగా ఉడికించుకు తినాలమ్మా, గొంతు జాగ్రత్త!" అని నేర్పారు కౌన్సిలరుగారు.

"మీ దయ అయ్యా" అంది లోసలీని పళ్లు కొరుకుతూ.

ఇంటికొచ్చి చూస్తే ఆకంతా కుళ్లిపోయింది.

"పోనీలేవే, మడిలో మళ్లీ చిగుళ్లొచ్చాయిగా, అవి వండు" అన్నాడు పెనిసోని.

అప్పటికే పాస్టరు గుమ్మంలో ఉన్నాడు. "కానుక పుచ్చుకుని ఊరుకుంటే ఎలాగమ్మా? అంతకంటే పెద్దది తిరిగివ్వడం మన ఆచారం కదా!"

"అయితే పెద్ద బుట్టే తీసుకెళ్లవే" అన్నాడు పెనిసోని. "ఎలాగూ పోయేదేగా, నా పాదం కూడా అందులోనే పెట్టేద్దువుగాని!"

పాస్టరు హాయిగా నవ్వాడు. లోసలీనికి ఏడుపు ముంచుకొచ్చింది. కానీ పక్క మడివాళ్ల గుమ్మడికాయలు గుర్తొచ్చాయి. కళ్లు తుడుచుకుని పెద్ద బుట్టే తీసుకుంది.