మిర్యాలగూడ మ్యాచి, వయా కోదాడ

ఫుట్‌బాల్ ఆటకు పట్టిన అసలు చీడ ఆటగాళ్ళే!

కాదంటారా? ఊరు ఊరంతా పొరుగూరికి మ్యాచి చూడటానికి బయలుదేరినప్పుడు లారీలో చోటు తినేదెవరు? ఆటగాళ్ళు. దుమ్ము కాళ్ళతో ఎక్కేదెవరు? ఆటగాళ్ళు. తీరా గెలిస్తే పూలదండకూ పెద్దమనిషి మెడకూ మధ్య అడ్డంగా నిలబడేది? వాళ్ళే! ఆ ఒక్క బెడద లేకపోతే ప్రయాణం ఎంత పద్ధతిగా, ఎంత మర్యాదగా సాగుతుందో నలభై తొమ్మిదో సంవత్సరం ఎండాకాలంలో సూర్యాపేట పెద్దలు లోకానికి చూపించారు. లోకం ఆ సమయానికి వేరేవైపు చూస్తుండటం మన దురదృష్టం.

ఈ ఘనకార్యానికి కారకుడు దర్జీ మల్సూర్. ఊరి ఫుట్‌బాల్ టీముకు అతనే కెప్టెను. టీము అంటే పెద్దగా ఊహించుకోకండి. నిజాం పాలన ముగిసి, సర్కారు సైన్యం ఊరి బయట గుడారాలు వేసినప్పుడు, సిపాయిలు సాయంత్రాలు బంతి తన్నుకునేవారు. చూడటానికి పోయిన కుర్రాళ్ళు చూసి చూసి ఆడటం నేర్చారు. ఒక పటాలం పోతూ పోతూ పాత బంతి ఒకటి వదిలిపోయింది. అదే టీము పుట్టుక.

మిర్యాలగూడ నుంచి మ్యాచికి పిలుపొచ్చింది. మల్సూర్‌కు ఆ ఊరంటే ఆటొక్కటే కాదు. అతని అక్క రేణుకమ్మను ఇచ్చింది అక్కడే. ముందు రజాకార్ల భయం, తర్వాత దారుల్లో తనిఖీలు. ఆమె ముఖం చూసి రెండేళ్ళు దాటింది. అక్కాతమ్ముళ్ళిద్దరే మిగిలిన ఇల్లది. ఆ ఊరు పోయివచ్చిన బండివాళ్ళతో ఆమె ఇలా చెప్పి పంపింది: "మా తమ్ముడు కప్తాన్ అయి వస్తున్నడని వాడకట్టంత చెప్పిన. రాకపోతె నా మొకం ఏడ పెట్టుకోవాలె?"

పదకొండు మంది పోవడానికి ఒక లారీ కావాలి. లారీ ఉన్నది బియ్యం మిల్లు వెంకటేశ్వర్లు శేటు దగ్గర. శేటు ఎవరి మాట వింటాడు? వకీలు జానకిరామారావు మాట. కాబట్టి మల్సూర్ వకీలు ఇంటికి వెళ్ళాడు. అదే అతను చేసిన పొరపాటు, ఊరు చేసుకున్న పుణ్యం!

వకీలు గారి గురించి రెండు మాటలు చెప్పుకోవాలి. రజాకార్ల రోజుల్లో ఆయన హద్దు దాటి బెజవాడ చేరి, ఒక మేడ గదిలోంచి, కిటికీ రెక్కలు రెండూ తెరిచి మరీ పోరాడారు. సైన్యం ముందు వచ్చింది, దాని వెనక దుమ్ము వచ్చింది, దుమ్ము సద్దుమణిగాక ఆయన వచ్చారు. అప్పటినుంచి ఊళ్ళో జెండా ఎక్కాలన్నా, బావికి గిలక బిగించాలన్నా ఆయన ఉపన్యాసం ఉండాల్సిందే.

"పదకొండు మందిమి, వకీల్ సాబ్. జర లారీ ఇప్పిస్తె పొద్దుగూకేటాళ్లకు పోయి పడ్తం" అన్నాడు మల్సూర్.

వకీలు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఉత్తగ పోతె ఏం ఇజ్జత్ ఉంటది మల్సూర్? సూర్యాపేట కదిలిందంటె ఒక తరీఖ, ఒక పద్ధతి ఉండాలె. ముందుగాల కమిటీ ఏద్దాం."

వేశారు! అధ్యక్షులు వకీలు. కోశాధికారి శేటు, ఎందుకంటే లారీ ఆయనది. ఉపాధ్యక్షులుగా, ఊళ్ళో అలిగే అలవాటున్న ప్రతి పెద్దమనిషినీ వేశారు. రోజూ సాయంత్రం వకీలు అరుగు మీద సమావేశం. ఫుట్‌బాల్‌ను కూర్చుని చూడాలా, నిలబడి చూడాలా? గోలు పడితే చప్పట్లు ముందు అధ్యక్షులు కొట్టాలా, అందరూ ఒకేసారి కొట్టవచ్చా? గెలిస్తే మొదటి దండ ఎవరికి? ఈ మూడో అంశం మీద ఇద్దరు ఉపాధ్యక్షులు మాటలు మానుకున్నారు. ఓడితే బాధ్యత ఎవరిదన్న విషయంలో మాత్రం చర్చే అవసరం పడలేదు. అందరూ ఏకగ్రీవంగా మల్సూర్ వైపు చూశారు.

టీము చొక్కాలకని మల్సూర్ తెచ్చిపెట్టుకున్న నీలం గుడ్డ కమిటీ కంట పడింది. సభ్యులకు బ్యాడ్జీలు ఉండొద్దా? పూలరేకుల అంచుతో, తోకలు వేలాడే బ్యాడ్జీలు కుట్టించుకున్నారు. ఆటగాళ్ళకు గుడ్డ మిగల్లేదు. పోనీండి, ఒంటిమీద చొక్కా ఉంటేనే బంతి కదులుతుందా?

తర్వాత దారి. సూర్యాపేట నుంచి తిన్నగా పోయి మూసీ దాటితే మిర్యాలగూడ దారిన పడొచ్చు. తిన్నగా పోవడం సామాన్యుల పద్ధతి. వకీలు గారి అత్తవారిల్లు కోదాడలో ఉంది. "కోదాడ మీదికెల్లి పోదాం. ఆ ఊరి టీమును గూడ మర్యాదకు పలకరిచ్చినట్టయితది" అన్నాడాయన. ఎటో ఉన్న కోదాడకు పోయి, రాత్రి అక్కడ పడుకుని, మర్నాడు హుజూర్‌నగర్ మీదుగా చుట్టి రావాలని తీర్మానం. మల్సూర్ నోరు తెరిచేలోపే వందన సమర్పణ అయిపోయింది.

ఆ రోజుల్లో పదిమంది కలిసి లారీ ఎక్కాలంటే సైనిక క్యాంపు అనుమతి కావాలి. పాతిక మందికి మించకూడదని అనుమతి వచ్చింది. అప్పుడు మొదలైంది కత్తిరింపు. మొట్టమొదట కత్తెర పడింది గోల్ కీపర్ దస్రు మీద.

దస్రుది మోతె దగ్గరి తండా. దళాల్లోని తుపాకులవాళ్ళకు అన్నం పెట్టాడన్న అనుమానంతో పట్టుకుపోయి, ఆర్నెల్లు క్యాంపులో ఉంచి, ఏమీ తేలక వదిలేశారు. వదిలేనాటికి అతని కుడిచేతి వేళ్ళు రెండు నిటారుగా నిలవడం మానేశాయి. సిపాయిలు ఆడుతుంటే బంతి ఏరి తెమ్మని గోలు వెనక నిలబెట్టేవారట. ఒకరోజు కీపర్ లేకపోతే గోలు ముందుకు నెట్టారు. అలా నేర్చాడు, వంకర వేళ్ళతోనే!

శనివారం పొద్దున మిల్లు ముందు అందరూ చేరారు. లారీలో కాళ్ళు మోపే జాగా లేదు. కమిటీ సభ్యులు నేలమీద కూర్చుంటారా? చేతుల కుర్చీలు వేశారు. వకీలు గారి పరుపుచుట్ట, వంటమనిషి, వంటమనిషి గంగాళం కూడా ఎక్కాయి.

"దస్రు వద్దు" అన్నాడు వకీలు. "వీని పేరు క్యాంపుల ఉన్నది. చెక్‌పోస్టు కాడ ఆపితె అందరికి పరేషాన్."

"ఆయన గోల్ కీపరు సాబ్!" అన్నాడు మల్సూర్.

"గోలు కాడ ఎవలన్న నిలబడరా? నిలబడుడే గద!"

దస్రు తల వంచుకునే అన్నాడు: "మీ ఇంటోళ్లందరిని నా బండిల హద్దు దాటిచ్చిననాడు గూడ చెక్‌పోస్టులు ఉండె, దొరా."

ఆ మాట వకీలుకు వినబడలేదు. నాయకుల చెవులు చాలా శిక్షణ పొందినవి, ఏది లోపలికి రానివ్వాలో వాటికి తెలుసు. ఆయన పరుపుచుట్ట సరిగ్గా కట్టారో లేదో చూసుకునే పనిలో ఉన్నాడు.

మల్సూర్‌కు మాత్రం కెప్టెను హోదాలో లారీ వెనక తలుపు మీద వేలాడే అవకాశం ఇచ్చారు. అతనికి అక్క గుర్తొచ్చింది. ఈ లారీ ఎక్కితే రేపు ఆమె ముందు నిలబడతాడు. ఒక కాలు పైకి పెట్టాడు కూడా. తిరిగి దస్రును చూశాడు. కాలు దించేశాడు.

"దస్రు లేకుంట నేను రాను సాబ్."

చోటు దొరక్క కిందే మిగిలిపోయిన ఆటగాళ్ళు అతని పక్కన చేరారు. సందుల్లో ఇరుక్కుని కూర్చున్న నలుగురైదుగురు ఆటగాళ్ళూ ఒక్కొక్కరే దూకేశారు. "ఇగ జర కాళ్లు సాపుకోవచ్చు" అన్నాడు శేటు తృప్తిగా. "నిదానంగ రాండ్రి, ఆడ కలుద్దాం" అని వకీలు చెయ్యి ఊపాడు. లారీ కదిలిపోయింది. బ్యాడ్జీల తోకలు గాలికి రెపరెపలాడాయి. మ్యాచికి పోయే లారీలో ఆటగాడన్నవాడు ఒక్కడూ లేడు. ఇంతకన్నా శుభ్రమైన ప్రయాణం చరిత్రలో ఉందా?

మల్సూర్ మిల్లు గోడకు చేరగిలబడ్డాడు. "ఖతం. అక్కకు ఏం చెప్పాలె?"

"లెవ్వన్నా, నడువు" అన్నాడు దస్రు. "దారి నాకెరుకే. బండి తోలినోణ్ని."

నడిచారు. ఎండకు నెత్తులు మాడాయి. మూసీలో నీళ్ళు మోకాళ్ళలోతే ఉన్నాయి. ఇసుక మాత్రం నిప్పుల మీద నడిచినట్టుంది. అవతల గడ్డి బండివాళ్ళు కొందరిని ఎక్కించుకున్నారు, మిగతావాళ్ళు బండి పట్టుకుని నడిచారు. రాత్రికి ఒక ఊళ్ళో కళ్ళంలో పడుకుని, ఆదివారం ఎండ ముదరకముందే మిర్యాలగూడ చేరారు.

రేణుకమ్మ వాకిట్లోనే ఉంది. తమ్ముణ్ణి చూసి నవ్వబోయి, వాడి కాళ్ళు చూసి ఆగిపోయింది.

"ఏందిరా గీ కాళ్లు? లారీల వస్తరన్నరు గద!"

"లారీ వేరే దారిల వస్తున్నదక్కా. పెద్దమనుషులు ఉన్నరు, మెల్లగ నడుస్తది."

ఆమె లోపలికి వెళ్ళింది. కుండలో నీళ్ళు తెచ్చి తమ్ముడి పాదాల మీద పోసింది. తర్వాత దస్రు పాదాల మీద. "నాకొద్దమ్మా" అని అతను వెనక్కి జరిగితే, "నిలబడు" అని గదమాయించింది.

అదే సమయానికి కోదాడలో కమిటీ గారెల ముందు కూర్చుని ఉంది. పొద్దు పోతోందేమోనని ఎవరో గుర్తుచేశారు.

వకీలు మామగారు నవ్వారు. "భోంచెయ్యకుండా ఎలా వెళ్తారండీ అల్లుడుగారూ? ఆట ఎక్కడికి పోతుంది? ఆడేవాళ్ళంతా మీతోనే ఉన్నారుగా!"

అందరూ తలలూపారు. ఎవరూ తల తిప్పి చూసుకోలేదు.

భోజనాలు, కునుకు అయ్యాక బయలుదేరిన లారీ మూసీ ఇసుకలో దిగబడింది. దిగి నెట్టాలి. బ్యాడ్జీ పెట్టుకున్నవారు లారీ నెట్టవచ్చా? కుర్చీల్లో కూర్చునే చర్చించారు. నెట్టేవాళ్ళను వెతకడానికి ఒక ఉపసంఘం వేశారు.

ఇటు మిర్యాలగూడలో మ్యాచి మొదలైంది. సూర్యాపేట పక్షాన చప్పట్లు కొట్టడానికి మైదానంలో ఉన్నది ఒకే ఒక్క మనిషి, రేణుకమ్మ. పదిమంది పెట్టు అరిచింది. ఆమె అరుపులకు వాడకట్టు ఆడవాళ్ళు సొంత ఊరిని మరిచి ఇటు అరవడం మొదలుపెట్టారు. మల్సూర్ అందించిన బంతిని టీములోని కుర్రాడు హన్మా గోలులోకి తన్నాడు. ఒక్కటే గోలు. దాన్ని కాపాడుకోవాలి. బొబ్బల కాళ్ళతో పరిగెత్తలేక ఒక్కొక్కరే కూలబడుతున్నారు. ఆట ముగియబోతుండగా రెఫరీ మిర్యాలగూడకు పెనాల్టీ ఇచ్చాడు.

మల్సూర్ దస్రు దగ్గరికి వెళ్ళాడు. "చేతులు..." అన్నాడు.

"చేతులు పోతె పోయినయి. ఛాతీ ఉన్నది గదన్నా" అన్నాడు దస్రు.

బంతి ఫిరంగిలా వచ్చింది. దస్రు పక్కకు విసురుగా పడి, రొమ్ముతో ఆపి, దాన్ని పొట్ట కింద పెట్టుకుని బోర్లా పడుకున్నాడు. రెఫరీ విజిల్ వేసినా లేవలేదు. మల్సూర్ పోయి లేపితే, వంకర వేళ్ళు బంతిని వదలడంలేదు.

మైదానం ఇంకా కేకలు వేస్తుండగా లారీ వచ్చింది.

వకీలు గారికి జనం కనబడ్డారు. అంతే! కుర్చీ దించారు, దాని మీద ఆయన నిలబడ్డారు. "ఎన్నో కష్టాలకు ఓర్చి, మూసీ ఇసుకలో ప్రాణాలకు తెగించి, మనం సాధించిన ఈ విజయం..." మొదటి దండ ఆయన మెడలో పడింది. రెండోది శేటు మెడలో. దస్రు మెడ దాకా దండలు రాలేదు. ఆ మెడ నిండా మట్టి ఉంది, పూలు పాడవవూ?

అప్పుడు రేణుకమ్మ గొంతు లేచింది. "తమ్మీ! దస్రూ! అన్నం సల్లారుతున్నది, రాండ్రి!"

ఆటగాళ్ళు కదిలారు. వాళ్ళ వెంట ఓడిన టీము కదిలింది. దాని వెంట జనమంతా కదిలారు. వకీలు ఉపన్యాసం స్వాతంత్ర్యం దాకా వచ్చేసరికి మైదానంలో కమిటీ తప్ప పురుగు లేదు. అయినా కార్యక్రమం ఆగలేదు. కమిటీ కమిటీకి కృతజ్ఞతలు చెప్పుకుంది. కమిటీ చప్పట్లు కొట్టింది.

కొన్నాళ్ళకు కోదాడ నుంచి మ్యాచికి పిలుపొచ్చింది. వకీలు మల్సూర్‌ను పిలిపించాడు.

"ఈసారి కమిటీ ఇంక పెద్దగ ఏద్దాం."

"ఏయుర్రి సాబ్. మీరు లేకుంటె ఎట్ల?" అన్నాడు మల్సూర్ చేతులు కట్టుకుని. "కాకపోతె మీరు మిర్యాలగూడ మీదికెల్లి రాండ్రి. పోయినసారి మీ ఉపన్యాసం సగమే విన్నరట. మిగిలింది ఎప్పుడు చెప్తరని అడుగుతున్నరు."

వకీలు ముఖం వెలిగిపోయింది. కోదాడకు మిర్యాలగూడ మీదుగా పోవాలని ఆ సాయంత్రమే కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది.

సంగతి విని దస్రు తెల్లబోయాడు. "గంత దూరం తిరిగి నిజంగనే వస్తరంటవా అన్నా?"

"ఎందుకు రారు? మనం గెలిచినంక వస్తరు" అన్నాడు మల్సూర్. "వాళ్లు ఎన్నడన్న దానికంటె ముందు వచ్చిండ్రా?"