సారుకి కేజీఎఫ్ నచ్చింది

మనిషి కాపురం పెట్టదగ్గ ఊరు ఈ ప్రపంచంలో ఒకే ఒక్కటి ఉంది. కేజీఎఫ్! సింగపూరు కాదు, లండన్ కాదు, ఆఖరికి జిల్లా కేంద్రం కోలారు కూడా కాదు.

ఎందుకంటారా? అక్కడ కాపురం ఉన్నవాళ్ళెవరూ అక్కడ ఉండరు కనుక!

నవ్వకండి. జనం ఉంటే ఏ ఊరైనా పాడైపోతుంది. బెంగళూరు సంగతి చూడండి. వెళ్ళినవాళ్ళు వెళ్ళినట్టే అక్కడ తిష్ఠ వేసి ఆ ఊరిని ఏ గతి పట్టించారో! కేజీఎఫ్ వాళ్ళకి ఆ బుద్ధిలేనితనం లేదు. తెల్లవారేలోగా వేలమంది రైలెక్కి వెళ్ళి, బెంగళూరు రోడ్లు అరగదీసి, బెంగళూరు పొగ పీల్చి, సొంత ఊరిని మాత్రం బీరువాలో పట్టుచీరలాగా మడత నలగకుండా దాచుకుంటారు.

ఒకప్పుడు కేజీల లెక్కన బంగారం పంపిన ఊరండీ ఇది! గనులు మూతబడ్డాక టన్నుల లెక్కన మనుషుల్ని పంపుతోంది. బంగారమైతే తవ్వాలి, కరిగించాలి, కాపలా పెట్టాలి. మనుషులతో ఆ తంటా లేదు. పొద్దున తమంతట తామే పోతారు, రాత్రికి తమంతట తామే వస్తారు. కాస్త కరిగి వస్తారు, అంతే!

ఇక వసతులా? ట్రాఫిక్ జామ్ అంటే అక్కడి పిల్లలు బ్రెడ్డు మీద పూసుకునేదనుకుంటారు. మిగతా ఊళ్ళకి కొండల్ని దేవుడిచ్చాడు. కేజీఎఫ్ వాళ్ళు దేవుణ్ణి ఇబ్బంది పెట్టలేదు. గనిలోంచి తీసిన రాయిని పిండి కొట్టి, సైనైడుతో బంగారం లాగేసి, మిగిలిన పొడిని పోసి పోసి సొంతంగా సైనైడ్ దిబ్బలు కట్టుకున్నారు. గాలి వీచిందంటే చాలు, ఊరంతటికీ ఫ్రీగా పౌడరు!

ఇంతటి స్వర్గంలో, రాబర్ట్‌సన్‌పేటలో, ఇల్లున్న అదృష్టవంతుడు హయగ్రీవ. వాళ్ళ నాన్న గనుల ఆఫీసులో గుమాస్తా. ఆయన కాలంలో ఇనప బోను మనుషుల్ని కిందికి దించేది. కొడుకేమో బెంగళూరులో మనుషుల్ని పైకి ఎక్కించే లిఫ్టుల కంపెనీలో, కంప్లెయింట్ల విభాగానికి సూపర్‌వైజరు. ఒక తరం కిందికి, ఒక తరం పైకి అనుకునేరు! పద్ధెనిమిదేళ్ళుగా హయగ్రీవ అడ్డంగా పోతున్నాడు. పోను రెండున్నర గంటలు, రాను రెండున్నర గంటలు.

ఇంత సుఖంలోనూ అతనికొక దురాశ ఉంది. మామూలు పనిరోజున, మధ్యాహ్నం ఒంటిగంటకి, సొంత ఇంట్లో, పొగలు కక్కే అన్నంలో భార్య వత్సల పెట్టిన సారు, అదే మన చారు, పోసుకుని తినాలని! పద్ధెనిమిదేళ్ళుగా ఆ సారు అతనికి డబ్బాలో చల్లారిపోయే అందుతోంది.

ఆ సారు దక్కాలంటే ఈ సారు కరుణించాలి. ఈ సారు అంటే మేనేజరు అనిరుద్ధ. ఉండేది బెంగళూరే అయినా తల్లి కోలారు జిల్లా మాస్తి ఊరి ఆడపడుచు కనుక తెలుగు బాగానే వచ్చు. హయగ్రీవ ధైర్యం చేసి ఒకనాడు ఆయన ముందు నిలబడ్డాడు.

"సార్, లిఫ్టు నిలిచిపోయిందని జనాలు ఫోన్లో చెప్తారు. మేము ఫోన్లోనే వింటాము. వినేదానికి బెంగళూరు చెవులే కావాల్నా సార్? మన విభాగంలో పద్నాలుగు మందిలో పదకొండు మంది కేజీఎఫ్ వాళ్ళమే. ఆ ఫోన్లేవో మా ఊర్లోనే పెడితే?"

అనిరుద్ధ మంచివాడు. ఆలోచించాడు కూడా. "ఊరు చూస్తాను హయగ్రీవా. నచ్చితే బ్రాంచి పెట్టేద్దాం" అన్నాడు.

బుధవారం పొద్దున్నే సారు కారులో దిగాడు. ఊరు చూపించడానికి హయగ్రీవ సెలవు పెట్టాడు. అక్కడే వచ్చింది చిక్కు. తను పుట్టి పెరిగిన ఊరిని పగటి వెలుతురులో చూసి అతనికే పద్ధెనిమిదేళ్ళయింది!

గడప దాటగానే వీధికుక్క సారుని చూసి తోక ఊపింది, హయగ్రీవని చూసి మొరిగింది. "మా ఊరి దోసె తింటే వదలరు సార్" అంటూ సందు చివరి హోటలుకి సగర్వంగా నడిపించాడు. అక్కడ సెల్‌ఫోన్ల దుకాణం ఉంది.

వత్సల చెవిలో చెప్పింది. "అది మూసేసి ఆరేండ్లయింది. ఆదివారం మీరు పండుకుని లేచేతలికి దీపాలు పెట్టే పొద్దవుతుంది. మీకెట్ల తెలుస్తాది? ఊరికే ఉండండి, నేను చూపిస్తా."

అప్పటినుంచి వత్సల ముందు నడిచింది, యాత్రికులిద్దరూ వెనక నడిచారు. మార్కెట్టులో కూరలమ్మే ఆదిలక్ష్మమ్మ పలకరించింది. "ఏమ్మా వత్సలమ్మా, చుట్టాలా? యాడినుంచి వచ్చినారు?"

"ఈయన బెంగళూరు నుంచి వచ్చినారు. ఆయన మా ఇంటాయన."

"అయ్యో తల్లీ, నీకు ఇంటాయన ఉండాడా? పదేండ్లుగా నీకు బీన్సు తూకమేస్తుండా, ఒక దినమన్నా కండ్లబడలేదే! యా దేశంలో ఉంటాడు?"

"ఈ దేశంలోనే, రైల్లో ఉంటాడు" అంది వత్సల.

సారుకి అన్నీ నచ్చాయి. విశాలమైన రోడ్లు, రేకుల కప్పు బంగళాలు, చింతచెట్ల గాలి! "ఏం నిశ్శబ్దం హయగ్రీవా! నా చెవులు నాకే వినిపిస్తున్నాయి!" అన్నాడు. మధ్యాహ్నం ఒంటిగంటకి వత్సల ఇద్దరికీ వడ్డించింది. మొదటి ముద్దకే హయగ్రీవ నాలుక కాలింది. కాలితే కాలనీ, అది వేడి! మంచినీళ్ళు కూడా తాగలేదతను, ఆ మంట కాసేపు ఉండనీ అని.

"తొంభై శాతం ఒప్పుకున్నట్టే. కారు తిప్పి పంపేసి ఈ రాత్రి ఇక్కడే ఉండి, రేపు మీతో పాటు రైల్లో వస్తాను. మీరు పడే కష్టం కూడా చూడాలి కదా" అన్నాడు సారు.

హయగ్రీవ పట్టలేని సంతోషంతో సాయంత్రం అంజినప్ప ఇంటికి పరుగెత్తాడు. అంజినప్ప వైట్‌ఫీల్డులో ఫ్యాక్టరీ మెకానిక్కు. మారికుప్పంలో బయల్దేరే బెంగళూరు రైల్లో నాలుగో పెట్టెకి మకుటం లేని మహారాజు. ఎవరు కూర్చోవాలో, ఎవరు నిలబడాలో రైల్వేవాళ్ళకి తెలియదు, అంజినప్పకి తెలుసు.

"అంజినప్పా, రేపు మా సారు వస్తాడు. సీటు మాత్రం ఇయ్యొద్దు. మాలూరు దాకా ఒంటికాలి మీద నిలబెట్టాల. ఎవరన్నా కాలు తొక్కితే ఇంగా మంచిది."

"అంతేనా స్వామీ! నాకు వదిలేయ్. బంగారుపేటలో జనం ఎక్కుతారు చూడు, ఆ నడుమ ఇరికిస్తా. సారు చారైపోతాడు!"

అయ్యలారా, కేజీఎఫ్ వాళ్ళకి ఒక్క లోపం ఉంది. ఇంగ్లీషువాడు వచ్చినా, తమిళుడు వచ్చినా, ఎవడు వచ్చినా ముందు కూర్చోబెట్టి తరవాత పేరడిగిన ఊరు అది. పాపం, మర్యాద మూతబడే గని కాదు!

మర్నాడు పొద్దున సారు ప్లాట్‌ఫారం మీద బెదురుగా నిలబడి ఉండగా అంజినప్ప చూశాడు. "మా ఊరికి మొదటిసారా సార్?" అని అడిగాడు. సారు అవునన్నాడు. అంతే, పథకం గోవిందా!

"లెయ్యండ్రా, లెయ్యండి! ఊరికి వచ్చిన పెద్దమనిషి. కిటికీ కాడ కూర్చోనీండి!"

బెంగళూరు కంటోన్మెంటులో ఆఫీసు ఊడ్చే నారాయణమ్మ డబ్బా తెరిచి, పుదీనా చట్నీతో నాలుగిడ్లీలు సారు చేతిలో పెట్టింది. ఇంకెవరో ఫ్లాస్కులోంచి కాఫీ పోశారు. కంజిర పట్టుకున్న భజన బృందం, సారుకి ఏ దేవుడంటే ఇష్టమో కనుక్కుని మరీ ఆ పాటే ఎత్తుకుంది.

బంగారుపేటలో జనం విరుచుకుపడ్డారు. సారు చొక్కా నలగకుండా అంజినప్ప రెండు చేతులూ చాచి అడ్డంగా నిలబడ్డాడు. ఆ తోపులాట అంతా ఎటు పోవాలి? పక్కకి పోయింది. పక్కన హయగ్రీవ ఉన్నాడు. మాలూరు దాకా ఒంటికాలి మీద నిలబడ్డాడు. కాలు కూడా తొక్కించుకున్నాడు. అనుకున్నవన్నీ అనుకున్నట్టే జరిగాయి, మనిషి మాత్రం మారాడు.

"ఏమప్పా, నేను చెప్పిందేంది? నువ్వు చేసిందేంది?" అని ఆ ఇరుకులోనే మూలిగాడు.

"నాకు మనసు రాలేదు స్వామీ. మనూరు చూడను వచ్చినోణ్ణి నిలబెడితే ఊరి మానం ఏం కావాల?"

"నా బతుకేం కావాలప్పా?"

"నీకేమప్పా, నువ్వు ఊరోడివే కదా. సర్దుకో."

కంటోన్మెంటులో దిగేసరికి అనిరుద్ధ కళ్ళు చెమర్చి ఉన్నాయి. హయగ్రీవ భుజం పట్టుకున్నాడు. "ఇన్నాళ్ళూ మీరు అవస్థ పడుతున్నారనుకున్నాను హయగ్రీవా. ఇది ప్రయాణమా? పెళ్ళివారి బండి! ఊళ్ళో బ్రాంచి పెట్టి మీకు ఇంత ఆనందం దూరం చేస్తే ఆ పాపం నాకు చుట్టుకోదూ!"

బ్రాంచి అక్కడితో రద్దు.

మరి ఊరు దండగయిందా? ఎంత మాట! సారుకి కేజీఎఫ్ ఎంత నచ్చిందంటే, రెండు నెలలు తిరక్కుండానే అక్కడ తోటా అదీ ఉన్న రేకుల బంగళా అద్దెకి తీసుకుని కుటుంబంతో దిగిపోయాడు. వారం రోజులు రైల్లో కూడా వచ్చాడు. ఎనిమిదో రోజుకి నడుం పట్టేసింది. పైవాళ్ళకి ఉత్తరం రాశాడు. తన పని ఫోన్లోనూ కంప్యూటర్లోనూ అయ్యేదే కనుక, ఎక్కడ కూర్చుని చేసినా ఒకటే కనుక, ఇంట్లోనుంచే చేస్తానని! వాళ్ళు వెంటనే ఒప్పుకున్నారు. ఎంత సబబైన కారణం! ఎంత కొత్త ఆలోచన!

ఇప్పుడు పగటిపూట కేజీఎఫ్‌లో కూర్చుని లిఫ్టుల కంపెనీ పని చేసే మనిషి ఒకడున్నాడు. ఆ ఒక్కడూ బెంగళూరు వాడు. కనుక ఆ ఊళ్ళో ఉద్యోగాలు లేవని ఇకమీదట ఎవరూ అనడానికి వీల్లేదు!

మొన్న మధ్యాహ్నం హయగ్రీవ డబ్బా మూత తీస్తుండగా ఫోను మోగింది. అవతల సారు.

"భోంచేసి వరండాలో కూర్చున్నాను హయగ్రీవా. ఏం గాలి, ఏం హాయి! మీ ఊరి విలువ మీకు తెలియదయ్యా. ఒక్కటే కంప్లెయింటు. పగలు నోరారా మాట్లాడదామంటే ఒక్క మనిషి దొరకడు. మీవాళ్ళంతా యాడికి పోతారు?"

హయగ్రీవ తలెత్తి చుట్టూ చూశాడు. తన ఊరివాళ్ళు పది మందీ చెవులకి ఫోన్లు ఆనించుకుని ఎవరి లిఫ్టులో ఎవరు ఇరుక్కున్నారో రాసుకుంటున్నారు.

"ఈడనే ఉండాము సార్," అన్నాడు, "పదకొండు మందీ."