ఐసీయూ తలుపుకు జేజేలు!

ప్రజల సొమ్ముతో చేసిన వైద్య పరిశోధనను ఎవరూ అమలు చేయకుండా కాపాడటమే ప్రజలకు చేయగల అతి పెద్ద సేవ! ముఖం చిట్లించకండి. కాస్త ఓపిక పట్టి వినండి.

అసలు పరిశోధన అంటే ఏమిటి? తెలియనిది తెలుసుకోవడం. తెలిసిపోయాక ఇంకా గొడవ దేనికి? అమలు అంటూ మొదలుపెడితే బోర్డులు పీకాలి, స్టూళ్లు తెప్పించాలి, కొందరు అధికారులు కుర్చీలోంచి లేవాల్సి కూడా రావచ్చు. తెలుసుకుని ఊరుకుంటే ఎవరి నడుముకూ నొప్పి లేదు!

నమ్మకం కుదరకపోతే ఒక పెద్దాసుపత్రిలోని డాక్టరమ్మ సంగతి చెబుతాను.

ఐసీయూలో పడుకున్నవాళ్లు ఎందుకు అంతలా కలవరిస్తారన్నది ఆమెకు పట్టుకున్న చింత. బయట నిక్షేపంలాంటి మనుషులు, ఆ మంచమెక్కి నాలుగు పూటలు గడిచేసరికి పగలో రాత్రో తెలియని స్థితికి వచ్చేవారు. ఒక హెడ్మాస్టరు మానిటర్లకు హాజరు వేసేవాడు. ఒక కండక్టరు అటూ ఇటూ ఉన్న మంచాలవాళ్లను "ముందుకు జరగండి, ముందుకు జరగండి" అని తొందరపెట్టేవాడు. ముక్కులో గొట్టం ఎందుకుందో తెలియక పీకేసుకునేవాళ్లకైతే లెక్కే లేదు.

పక్కన సొంత మనిషి ఒకరు కూర్చుంటే ఇది తగ్గుతుందా? డాక్టరమ్మ ఈ ప్రశ్న వేస్తే ప్రభుత్వ పరిశోధన సంస్థ నిధులిచ్చింది. కొన్ని ఆసుపత్రుల్లో బంధువును పగలంతా మంచం పక్కన కూర్చోబెట్టారు. మిగతాచోట్ల మామూలుగానే సాయంత్రం పావుగంట ముఖం చూపించి పంపేశారు. ఏళ్లు గడిచాక ఫలితం తేలింది. సొంత మనిషి చెయ్యి పట్టుకున్న చోట కలవరింతలు తగ్గాయి, గొట్టాలు ఉన్నచోటే ఉన్నాయి, రోగులు త్వరగా ఇళ్లకు వెళ్లారు.

ఆసుపత్రి పొంగిపోయింది! హాల్లో సభ పెట్టారు. చప్పట్లు కొట్టారు. ఫలితాన్ని రంగురంగుల పోస్టరుగా వేసి ఐసీయూ తలుపు మీదే అంటించారు. "బంధువులకు ప్రవేశం లేదు" అనే బోర్డుకు సరిగ్గా కింద!

ఆ తర్వాత అమలు కోసం కమిటీ వేశారు. కమిటీ తొందరపడే రకం కాదు. బంధువు కూర్చునే స్టూలు ఎత్తు ఎంతుండాలన్న దగ్గర ఆలోచనలో పడింది. ఆపైన, అమలు చేయడం సాధ్యమా అన్న విషయం మీద మరో పరిశోధన జరగాలని తీర్మానించింది. ఇంతటి నెమ్మది ఎవరికి సాధ్యం చెప్పండి?

ఇంతలో డాక్టరమ్మ తల్లి ఊపిరితిత్తులకు జబ్బు చేసింది. తీసుకొచ్చి అదే ఐసీయూలో చేర్చారు. డాక్టరమ్మ ఇంటి నుంచి కోటు కూడా లేకుండా కట్టుబట్టలతో పరుగెత్తుకొస్తే తలుపు దగ్గర సెక్యూరిటీ ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"పేషెంటుకి మీరేమవుతారు మేడమ్?"

"కూతుర్ని."

"అయితే సాయంత్రం రండి. పావుగంట."

"నన్నెరగరా మీరు? రోజూ చూస్తూనే ఉంటారుగా!"

"ఎరక్కపోవడమేంటి మేడమ్! డాక్టరుగా వస్తే నేనే తలుపు తీస్తాను. ఇప్పుడు కూతురుగా వచ్చారు కదా మరి!"

ఎంత స్పష్టమైన బుర్ర! ఆమె సూపరింటెండెంటు గదికి పరుగెత్తింది.

"మీ ఫలితం మీద నాకు ఎనలేని గౌరవమమ్మా," అన్నాడాయన. "కానీ మీ ఒక్కరికే తలుపు తీస్తే పక్షపాతం అంటారు. కమిటీని తేల్చనీయండి."

"ఎప్పటికి తేలుస్తుంది సార్?"

"అది కూడా కమిటీయే తేల్చాలి."

ఐసీయూ బయట, బంధువులంతా పడిగాపులు కాసే మెట్ల మీద కూర్చున్న తమ్ముడు ఆమెను చూడగానే లేచాడు. "అక్కా, రూల్స్ తర్వాత చూసుకుందువు గానీ, ఆ కోటేదో వేసుకుని వెళ్లు. అమ్మ ఒక్కతే ఉంది లోపల."

ఆమె కోటు, టోపీ, మాస్కు వేసుకుని వచ్చింది. సెక్యూరిటీ ఆయన సెల్యూట్ కొట్టి తలుపు తీశాడు.

గొట్టం పీకేస్తోందని తల్లి చేతులు రెండూ గుడ్డతో మంచానికి కట్టి ఉన్నాయి. ఆవిడ తెల్లకోటును చూసి మెల్లగా గొంతు విప్పింది.

"డాక్టరు గారూ, మీకు పుణ్యముంటుంది. మా అమ్మాయి బయటే ఉండుంటుంది, కాస్త పిలుస్తారా?"

"నేనేనమ్మా."

"మీరు కాదండీ, మా అమ్మాయి. అదొస్తే ఈ కట్లు విప్పుతుంది."

పరిశోధన కోసం ఎందరి కలవరింతలకో మార్కులు వేసిన మనిషి ఈసారి మార్కుల జోలికి పోలేదు. ఉన్నట్టుండి మాస్కు లాగేసింది. టోపీ తీసింది. కోటు విప్పి కాళ్ల దగ్గర పడేసి, కట్లు విప్పి, తల్లి చెయ్యి తన చెంపకు ఆనించుకుంది.

తల్లి కళ్లు చికిలించి చూసింది.

"వచ్చావటే? ఇంతసేపా! ఇప్పుడే ఒక డాక్టరు వచ్చిందే. మంచి పిల్ల. చెప్పగానే నిన్ను పిలుచుకొచ్చింది."

హెడ్ సిస్టరు గబగబా వచ్చింది. "మేడమ్, కోటు వేసుకోండి. కోటు తీస్తే మీరు బంధువులు. బయటికి వెళ్లాలి."

"బంధువునే సిస్టర్. స్టూలుంటే ఇప్పించండి."

సిస్టరు ఏదో అనబోయి, గొట్టం జోలికి పోకుండా కూతురి వేళ్లు పట్టుకుని ఉన్న ముసలి చేతిని చూసింది. వెళ్లి స్టూలు తెచ్చింది. పక్క మంచం మీది వడ్రంగి ఇదంతా చూస్తున్నాడు.

"అమ్మా, మా ఆవిడ కూడా బయటే ఉంది," అన్నాడు.

డాక్టరమ్మ తలుపు దాకా వెళ్లి తానే తెరిచింది. వడ్రంగి భార్యను పిలిస్తే, ఆవిడ వెనకే మెట్ల మీదున్న జనమంతా లేచారు. సూపరింటెండెంటు సంజాయిషీ అడుగుతూ డాక్టరమ్మకు మెమో పంపాడు. అప్పటికే ప్రతి మంచం పక్కనా ఒకరు కూర్చుని ఉన్నారు.

తల్లి కోలుకుంది. వడ్రంగీ లేచి కూర్చున్నాడు. ఇంటికి వెళ్లేరోజు అతని భార్య డాక్టరమ్మ దగ్గరికి వచ్చింది.

"మనిషి పక్కనుంటే తెరిపిన పడతారని మీకు ముందే తెలుసంట కదమ్మా, సిస్టరు చెప్పింది. నిజమేనా?"

"నిజమేనమ్మా."

"పోయినేడు మా అన్నయ్య ఇదే వార్డులో పోయాడు. మేమందరం ఆ మెట్ల మీదే ఉన్నాం. అప్పటికీ తెలుసా?"

"తెలుసమ్మా," అంది డాక్టరమ్మ. తలవంచుకుని నిలబడింది.

చూశారా పాఠకులారా, తలుపు తీస్తే వచ్చే ప్రమాదం? జనం లోపలికి రావడంతో ఆగరు. అడుగుతారు!